వినడానికి కూర్చున్న మైకు

సైకిల్ షాపు పై వాటా,
ఆదివారం పొద్దున.

మా బంగారు తల్లికి,

నాన్న పట్టలేని సంతోషంతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం, మీ అమ్మ మోకాలు ఒక్కటి తప్ప. అదీ బాగానే ఉండేది, నేను పెట్టిన కేకకి ఉలిక్కిపడి లేవకపోతే. ఎందుకు కేక పెట్టానో చెప్తా, నింపాదిగా కూర్చుని చదువు.

మన పార్టీ మారిందమ్మా! ఒట్టు, నిజంగా మారింది! మీ ఆఫీసు నుంచి మన వార్డు శాఖకి ఉత్తర్వు వచ్చింది. నువ్వే టైపు చేసి ఉంటావు, నీకు తెలిసిందే, అయినా నేను చెప్తుంటే ఇంకోసారి విను. ఇకమీదట ప్రసంగాలు వద్దట. కార్యకర్తలు వీధిలోకి వెళ్ళి కూర్చుని జనం చెప్పేది వినాలట. మధ్యలో అడ్డం తగలకూడదట, సర్దిచెప్పకూడదట. చనిపోయిన కౌన్సిలరు స్థానంలో మన వార్డుకి ఉప ఎన్నిక వస్తోంది కదా, దానికి నిలబడే మనిషిని వార్డు జనమే ఎంచుకోవాలట. వాళ్ళు ఎవరి పేరు చెప్తే పైవాళ్ళు ఆ పేరే ప్రకటిస్తారట! ఈ ముక్క నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పోయిన ఎన్నికల్లో మనవాడికి డిపాజిట్టు పోయినప్పుడు నేను అన్నం మానేశానని నువ్వు నన్ను కోప్పడ్డావు చూడు, ఆ రోజుకి ఇదమ్మా జవాబు.

ఇంకో శుభవార్త. నన్ను వార్డు కన్వీనరుని చేశారు. శాఖలో మిగిలిందే నేనూ, మన టైలరూ. గోడల మీద రాసే పెయింటరు అవతలి పార్టీలోకి పోయాడు, కానీ మనవాళ్ళు పిలిస్తే ఇప్పటికీ వచ్చి రాసిపెడతాడు, మంచివాడే. టైలరుకి కుట్టుపని ఉంది. కాబట్టి నేనే.

ఈ మాట మీ అమ్మకి చెప్తే ఎంతసేపు నవ్విందో. "ఆయనకే వినపడదు, ఆయన్ని వినడానికి పెట్టారా! చెవిటివాడి ముందు శంఖం అంటే ఇదే. భేషుగ్గా ఉంది మీ పార్టీ" అంది. నిజమే, జీవితమంతా ప్రచారం వ్యానులో నెత్తిమీద రెండు హారన్లు పెట్టుకుని "ఓటరు మహాశయులారా" అని తిరిగినవాడికి చెవులు ఎక్కడుంటాయి? ఫోనులో నీ గొంతు నాకు చీమ నడిచినట్టు ఉంటుంది, అందుకేగా మనకి ఈ ఉత్తరాలు. అయినా వినడానికి చెవులే కావాలా? కూర్చునే ఓపిక ఉంటే చాలదా?

వచ్చే ఆదివారం నుంచి మొదలు. మూసేసిన ఆసుపత్రి ముందు బెంచీ వేసుకుని కూర్చుంటా. నా కూతురు టైపు చేసిన ఉత్తర్వుని నేను అమలు చేస్తున్నా! ఇంతకంటే ఏం కావాలి?

మీ నాన్న.

పార్టీ కేంద్ర కార్యాలయం,
మూడో అంతస్తు.

నాన్నకి,

ఉత్తరం అందింది. అమ్మని మెట్లు ఎక్కనివ్వకు. ఇక్కడ లిఫ్టు ఆగిపోయింది, బాగు చేయించలేదు. రోజూ ఎక్కి దిగుతున్నాను. కింది రెండు అంతస్తులు ఎవరికో అద్దెకిచ్చారు. హాల్లో గోడ మీద ఫోటోలు చాలా తీసేశారు. పార్టీ మారినవాళ్ళవి. ఫోటో ఉన్న చోట గోడ తెల్లగా ఉంది, మిగతా గోడ మాసిపోయింది. కొత్తవాళ్ళు వస్తే ఆ తెల్ల గళ్ళ వంకే చూస్తారు.

ఈ వారం అధ్యక్షులవారి ప్రసంగం టైపు చేశాను. మొదట "మేము తప్పు చేశాం" అని రాయించారు. సాయంత్రానికి "తప్పులు జరిగాయి" అని మార్పించారు. మర్నాడు "కొన్ని లోటుపాట్లు ఉన్నాయి." ఆఖరుకి "కొందరిలో అసంతృప్తి ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది." అన్నీ నేనే టైపు చేశాను. చదివితే నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి.

ఉత్తర్వు టైపు చేసింది నేనే. నువ్వు బెంచీ వేసుకో, వద్దనను. ఎండలో ఎక్కువసేపు కూర్చోకు. ఎవరికీ గట్టిగా మాట ఇవ్వకు.

నీ కూతురు.

సైకిల్ షాపు పై వాటా,
ఆదివారం సాయంత్రం.

మా తల్లీ, మా చిట్టితల్లీ,

తిట్టారమ్మా! మనల్ని తిట్టారు! ఆ సంతోషం ఎలా చెప్పను!

మొదటి వారం ఎవ్వరూ రాలేదు. ఒక కుక్క వచ్చింది, బెంచీ కింద నీడ ఉందని. నేను దానికే చెప్పా, ఉత్తర్వు ప్రకారం నేను మాట్లాడకూడదు, నువ్వే ఏదైనా చెప్పు అని. టైలరు షాపులోంచి చూసి పడీ పడీ నవ్వాడు.

ఈ వారం ఇస్త్రీ బండి ఆవిడ వచ్చింది. బెంచీ పక్కన నిలబడి ఏదో అంది. నాకు వినపడలేదు. "ఏంటమ్మా?" అన్నా. మళ్ళీ అంది. మళ్ళీ "ఏంటమ్మా?" అన్నా. దాంతో ఆవిడకి చిర్రెత్తి ఒక్క అరుపు అరిచింది. "ఈ ఆసుపత్రి మూసింది మీ పార్టీయే కదయ్యా అని అడుగుతున్నా! నా పురుటికి మూడు బస్సులు మారి పోయాను! అప్పుడెక్కడున్నారు మీరంతా?"

ఆ అరుపుకి పై కిటికీలన్నీ తెరుచుకున్నాయి తల్లీ. నాకు వినపడాలని అరిచిన మాట వీధి మొత్తానికి వినపడింది. వెంటనే మేడ మీద నుంచి ఇంకొకావిడ, "నీ ఒక్కదానికేనా? మా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు!" అంది. ఎదురింటి పెద్దాయన, "సూదిమందుకి పొద్దున వెళ్తే సాయంత్రం అవుతోంది" అన్నాడు. అందరూ నాకోసం అరుస్తున్నారు, ఒకళ్ళది ఒకళ్ళు వింటున్నారు. ఒకే మెట్ల మీద ఇన్నేళ్ళూ ఎక్కి దిగుతూ, పక్కింటివాళ్ళ కష్టం అప్పుడే తెలిసినట్టు చూసుకుంటున్నారు. నేను నోరు మూసుకుని కూర్చున్నా. అబ్బ, ఎంత కష్టమో! నాలుక దురద పుట్టింది.

అప్పుడు మన నర్సమ్మ వచ్చింది. గుర్తుందా, నీకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్న ఆవిడ. ఆసుపత్రి మూసేశాక ఆవిడని పెద్దాఫీసులో పాత ఫైళ్ళ గదిలో వేశారట. "సూది పట్టిన చేత్తో దుమ్ము దులుపుతున్నా మైకు బాబాయ్" అంది. "ఏంటి బాబాయ్, పుట్టినప్పుడే నోట్లో మైకు పెట్టుకుని పుట్టారు, మాట్లాడకుండా ఎలా ఉన్నారు?"

"ఆర్డరమ్మా" అన్నా.

"మీ పార్టీకి ఇన్నాళ్ళకి ఒక మంచి ఆలోచన వచ్చింది, మీ నోరు మూయించడం" అంది. వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పోయిన ఎన్నికల్లో నేను ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఎవరూ తిట్టలేదు తల్లీ. అందరూ "సరే బాబాయ్, అలాగే బాబాయ్" అని నవ్వి తలుపేసుకున్నారు. ఆ నవ్వు చూస్తే నాకు చలి పుట్టేది. ఇప్పుడు తిడుతున్నారు. అంటే మనం ఇంకా వాళ్ళ లెక్కలో ఉన్నట్టేగా! ఈ మాట మీ అధ్యక్షులవారికి చెప్పు. నా మాటగా చెప్పు.

మీ నాన్న, వార్డు కన్వీనరు.

పార్టీ కేంద్ర కార్యాలయం,
మూడో అంతస్తు.

నాన్నకి,

నీ ఉత్తరం కమిటీలో చదివి వినిపించమన్నారు. చదివాను. కుక్క దగ్గర నవ్వారు. "తిట్టారంటే లెక్కలో ఉన్నట్టే" అన్న చోట చప్పట్లు కొట్టారు. పార్టీ పత్రికలో వేస్తారట, నీ ఫోటో పంపమన్నారు. బెంచీ మీద కూర్చుని ఉన్నది కావాలట.

అభ్యర్థి ఎంపిక సమావేశం కొన్నాళ్ళు ఆగి పెట్టుకోవచ్చు. అసలు పెట్టకపోయినా ఇబ్బంది ఉండదు. వినడం వరకు జరుగుతోంది కదా, అది చాలు. చాలాచోట్ల అదీ జరగడం లేదు. పెట్టినా చిన్నగా పెట్టుకోండి. ఊరికే చెప్తున్నాను.

మధ్యాహ్నాలు బల్ల దగ్గరే తింటున్నాను. తినేది ఏమిటో డబ్బా మూత పెట్టాక గుర్తుండటం లేదు. ఆరోగ్యం బాగానే ఉంది, కంగారు పడకు.

నీ కూతురు.

సైకిల్ షాపు పై వాటా,
ఎంపిక మర్నాడు.

నా బంగారు కొండకి,

ఆగలేదమ్మా! ఆగమని నువ్వు రాశావు కానీ జనం ఆగరే! "ఎప్పుడు బాబాయ్, ఎప్పుడు" అని రోజూ అడుగుతుంటే ఎలా ఆగను? నిన్న జరిగిపోయింది. ఫోటో ఈ కవర్లోనే పెట్టాను, నేను నవ్వుతున్నాను కాబట్టి కళ్ళు మూసుకుపోయాయి, సర్దుకోమను.

చీటీలూ పెట్టెలూ నాకు చేతకావు. అందుకని ఒక పద్ధతి పెట్టాను. నిలబడాలనుకున్నవాళ్ళు వీధి మధ్యలో నిలబడాలి, ఎవరికి ఎవరు ఇష్టమో వాళ్ళ వెనక వెళ్ళి నిలబడాలి. చిన్నపిల్లలు రైలాట ఆడినట్టు. అందరికీ కళ్ళెదుటే తెలిసిపోతుంది.

మొదట టైలరు నిలబడ్డాడు, పార్టీ పరువు కోసం. అతని వెనక అతని భార్య నిలబడింది. ఇంకెవరూ లేరు. కాసేపటికి ఎదురింటి పెద్దాయన నర్సమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టాడు. ఆవిడ "వదలండి బాబూ, నాకు డ్యూటీ ఉంది" అంటూనే ఉంది, వెనక వరస పెరుగుతూనే ఉంది. ఇస్త్రీ ఆవిడ బండి వదిలేసి వచ్చింది. వరస మలుపు తిరిగి సైకిల్ షాపు దాకా వచ్చింది! టైలరు వెనక్కి తిరిగి చూసుకుంటే భార్య లేదు. "నువ్వు కూడానా!" అన్నాడు. "ఇంట్లో మీ వెనకే ఉంటాగా, ఇక్కడెందుకు?" అంది ఆ వరసలోంచి. చివరికి టైలరు కూడా వెళ్ళి భార్య వెనక నిలబడ్డాడు. నేను అంత నవ్వు ఎప్పుడూ వినలేదు. వినలేదు కానీ చూశాను.

నర్సమ్మ మాత్రం నవ్వలేదు. నా ముందుకొచ్చి నాకు వినపడేలా చెప్పింది. "బాబాయ్, నేను మీ పార్టీ మనిషిని కాదు. మీ జెండా చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీ పెద్దలు ఈ వీధిలోకి వచ్చి, ఈ ఆసుపత్రి మూయడం మా తప్పని వాళ్ళ నోటితో చెప్పాలి. అలా అయితేనే నిలబడతా."

"చెప్తారమ్మా" అన్నా.

"రేపు పైవాళ్ళు ఇంకో పేరు పంపితే?"

అప్పుడు నేను ఉత్తర్వు తప్పి మాట్లాడాను తల్లీ, ఉండలేకపోయాను. "పంపరమ్మా. ఆ కాగితం టైపు చేసేది నా కూతురు. నా కూతురి వేళ్ళ మీదుగా ఇంకో పేరు రాదు. ఇది ఈ వీధికి నేనిస్తున్న మాట" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానీ నర్సమ్మ ఒక్క క్షణం నన్ను చూసి "సరే" అంది. ఆ "సరే" తలుపేసుకునే సరే కాదమ్మా.

పేరు ఎప్పుడు ప్రకటిస్తారు? తొందరగా రాయి.

మీ నాన్న.

పార్టీ కేంద్ర కార్యాలయం,
మూడో అంతస్తు.

నాన్నకి,

ఈ ఉత్తరం ముందే రాయాల్సింది.

మీ వార్డుకి పేరు ఎప్పుడో అయిపోయింది. లారీల ఆయన. ఊరి చివర పెద్ద షెడ్డు ఉన్న ఆయనే. ఖర్చంతా ఆయనే పెట్టుకుంటానన్నాడు, పార్టీ దగ్గర ఏమీ లేదు. జనమే ఎంచుకుంటారన్న ఉత్తర్వు పొద్దున టైపు చేశాను. లారీల ఆయనకి పంపే కాగితం అదే రోజు మధ్యాహ్నం టైపు చేశాను. రెండిటి మధ్య టీ తాగాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆఫీసులో ఇలాంటివి రెండు కాగితాలు ఒకే రోజు రావడం మామూలే.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు చెప్పాలనుకున్నాను. అందులో అంత సంతోషం ఉంది. రెండోసారి ఇంకా ఎక్కువ ఉంది. ఆ తర్వాత ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు.

ఎంపిక జరిగిన సంగతి కమిటీలో చదివాను. వరస మలుపు తిరిగిందంటే ఒకరు "అద్భుతం" అన్నారు. నేను ఆగి, "మరి లారీల ఆయన పేరు?" అని అడిగాను. నేను ఆ గదిలో ప్రశ్న అడగడం అదే మొదలు. కార్యదర్శి నా వంక చూసి, "జనం వచ్చారు కదమ్మా, మనకి కావాల్సింది అదే. వచ్చిన జనం ఎక్కడికి పోతారు?" అన్నారు. అధ్యక్షులవారు కిటికీలోంచి చూస్తున్నారు. తర్వాతి విషయం మొదలుపెట్టారు.

నువ్వు నా వేళ్ళ మీద మాట ఇచ్చావు. ఆ వేళ్ళతోనే ఆ పేరు టైపు చేశాను. కోపం వస్తే తిట్టు. నాకు ఏడుపు రావాలి, రావడం లేదు. చాలా రోజులుగా ఏదీ రావడం లేదు.

జనానికి ఏదో ఒకటి చెప్పు. పైనుంచి ఆలస్యమవుతోందని చెప్పు. కావాలంటే నా మీద పెట్టు.

నీ కూతురు.

సైకిల్ షాపు పై వాటా.

అమ్మాయికి,

ఉత్తరం అందింది. వెంటనే జవాబు రాయలేదు. రాయడానికి కూర్చుంటే పెన్ను బాగానే ఉంది కానీ ముందుకు పోలేదు.

మీ అమ్మకి చూపించాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "పిల్ల సన్నబడి ఉంటుంది" అంది అంతే.

నీ మీద పెట్టమన్నావు. పెట్టలేదు. పై నుంచి ఆలస్యమనీ చెప్పలేదు. ఆదివారం బెంచీ దగ్గరికి అందరినీ రమ్మన్నాను. ప్రచారాల నాటి చేతి మైకు ఒకటి ఉంది చూడు, దాన్ని పట్టుకెళ్ళాను, ఎందుకంటే ఈ మాట మెల్లగా చెప్పడం నాకు చేతకాదనిపించింది. "మీరు ఎంచుకున్న పేరు కాదు, లారీల ఆయన పేరు వచ్చింది. నేను మీకిచ్చిన మాట పోయింది" అని చెప్పేశాను. రాళ్ళు వేస్తారనుకున్నాను. వేస్తే బాగుండేది.

ఎవరికీ ఆశ్చర్యం కలగలేదమ్మా.

ఇస్త్రీ ఆవిడ పెట్టెలో బొగ్గులు సర్దుకుంటోంది. ఎదురింటి పెద్దాయన "కూర్చో, నీళ్ళు తాగు" అన్నాడు. నర్సమ్మ నా పక్కన బెంచీ మీద కూర్చుని చెవి దగ్గరకి వంగి చెప్పింది. "మాకు తెలుసు బాబాయ్. ఎంపికకి ముందే ఆ లారీల ఆయన మనుషులు షెడ్డులో బ్యానర్లు కుట్టించుకున్నారు. కుట్టింది మన టైలరే."

నేను టైలరు వంక చూశాను. వాడు తల దించుకున్నాడు. "అన్నా, మీ మొహంలో ఆ వెలుగు చూశాక నాకు నోరు రాలేదు" అన్నాడు.

"మరి అందరూ ఎందుకు నిలబడ్డారు?" అని అడిగాను.

"మీ ముచ్చట కాదనలేక కొంత" అంది నర్సమ్మ. "ఇంకా... ఎవరి వెనక ఎవరు నిలబడతారో ఒక్కసారి చూసుకోవాలనిపించింది. ఎన్నాళ్ళైందో చూసుకుని."

ఆవిడ సొంతంగా నామినేషను వేస్తుందట. ఏ పార్టీ లేకుండా. గెలవనని ఆవిడకి తెలుసు. "దుమ్ము దులిపే ఉద్యోగం పోతే పోనీ" అంది.

నిన్న లారీల ఆయన మనిషి ఇంటికొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. శనివారం సభలో నేను వేదిక మీద ఉండాలట, మైకు పట్టుకుని "వార్డు జనం ఎంచుకున్న అభ్యర్థి ఈయనే" అని పరిచయం చేయాలట. పత్రికలో నా ఫోటో పడిందట కదా, అందుకని. వస్తానన్నాను. పార్టీ పిలిస్తే వెళ్ళకపోవడం నాకు తెలీదు.

నువ్వు తిను. ఏం తిన్నావో గుర్తుపెట్టుకుని తిను.

నాన్న.

పార్టీ కేంద్ర కార్యాలయం,
మూడో అంతస్తు.

నాన్నకి,

శనివారం సభ ఇక్కడికి ఫోనులో వచ్చింది. ఎవరో తీశారు. కమిటీ గదిలో బల్ల మీద పెట్టి అందరూ చూశారు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. నీ గొంతు విని చాలా ఏళ్ళైంది. ఉత్తరాల్లో చదువుతూ నీ గొంతు కొంచెం మర్చిపోయాను. అది అలాగే ఉంది.

నువ్వు మైకు తీసుకుని, "ఓటరు మహాశయులారా" అన్నావు. తర్వాత లారీల ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఈయన మా పార్టీ అభ్యర్థి. మన వీధి ఎంచుకున్నది ఈయన్ని కాదు. రెండూ నిజమే, రెండూ మీకు తెలిసినవే" అన్నావు. మైకు ఆయన చేతిలో పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయావు. దిగేటప్పుడు కొంచెం తూలావు. టైలరు పట్టుకున్నాడు. జనం చప్పట్లు కొట్టలేదు, గోల చేయలేదు. కొందరు నీ వెనక నడిచారు. వీడియో అక్కడితో ఆగింది.

కార్యదర్శి, "ఇలాంటివి ఉపేక్షిస్తే క్రమశిక్షణ ఎక్కడుంటుంది?" అన్నారు. మిగతావాళ్ళు తలూపారు.

అధ్యక్షులవారు నన్ను లోపలికి పిలిచారు. "మీ నాన్నగారంటే నాకు గౌరవం. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ..." అని ఆగారు. తర్వాత, "నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఆయన మీద చర్య ఉత్తర్వు కావాలంటే ఇంకొకరితో టైపు చేయిద్దాం" అన్నారు. మంచిగానే అన్నారు.

"పర్లేదు సార్, నేనే చేస్తాను" అన్నాను.

ఎందుకన్నానో నాకూ తెలియదు. ఇంకొకరైతే నీ ఇంటిపేరు తప్పు రాస్తారు అనిపించింది. టైపు చేశాను. ఒక్కసారికే వచ్చింది. కవరు మీద చిరునామా చేత్తో రాశాను. ఈ ఉత్తరం కంటే ముందే అది నీకు అందుతుంది.

నిజంగా మారుతుందని నమ్మావా నాన్నా? ఊరికే అడుగుతున్నాను.

నీ కూతురు.

సైకిల్ షాపు పై వాటా,
ఫలితాలు వచ్చిన సాయంత్రం.

మా బంగారు తల్లికి,

ముందు ఎన్నిక సంగతి. అవతలి పార్టీ వాడు గెలిచాడు. నర్సమ్మ రెండో స్థానం. లారీల ఆయన ఆఖరు. ఆ రోజు వీధిలో నర్సమ్మ వెనక నిలబడ్డవాళ్ళంత మంది కూడా ఆయనకి ఓటు వేయలేదు. లెక్కింపు దగ్గర నుంచి టైలరు వచ్చి చెప్పి, కాసేపు కూర్చుని, వెళ్ళి షాపు తెరుచుకున్నాడు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ పండగ చేసుకోలేదు. ఆసుపత్రి తాళం ఆసుపత్రికే ఉంది.

ఓటు వేసే రోజు పొద్దున నర్సమ్మ మన ఇంటికొచ్చింది. నన్ను ఓటు అడగడానికి అనుకున్నాను. "బాబాయ్, మీ ఓటు మాత్రం మీ పార్టీకే వేసుకోండి. మేమెవరం ఏమీ అనుకోం. ఇన్నేళ్ళ అలవాటు" అంది. నా జీవితంలో ఏ మంచి మాటా నన్ను అంత గట్టిగా కొట్టలేదు తల్లీ. పోలింగు బూతులోకి వెళ్ళాను. ఆవిడ గుర్తు మీదే నొక్కాను. నొక్కి, ఏదో అవుతుందని అలాగే నిలబడ్డాను. ఏమీ అవలేదు. "పెద్దాయనా, అయిపోయింది, రండి" అన్నట్టు బూతులో కూర్చున్నవాళ్ళు చెయ్యి ఊపారు. బయటికి వచ్చాను. ఎండగా ఉంది. నీకు ఏమీ అనిపించడం లేదని రాశావు కదా, అదేమిటో నాకు అప్పుడు తెలిసింది. నా కూతురు ఇన్నాళ్ళుగా ఇందులోనా ఉన్నది అనుకున్నాను.

మారుతుందని నమ్మావా అని అడిగావు. నమ్మాను తల్లీ. ఉత్తర్వు నిజమని నమ్మాను, అది నాకు సిగ్గు కాదు. దాన్ని రాయించినవాళ్ళు నమ్మలేదు, అంతే తేడా. బెంచీ వేసింది ఆ కాగితం చూసే కదా! ఈ ఆదివారం నేను బెంచీ వెయ్యలేదు. ఏ ముఖంతో కూర్చోను, ఎవరి తరఫున కూర్చోను? మేడ మీద నుంచి చూస్తే బెంచీ వేసి ఉంది. వాళ్ళే వేసుకున్నారు. ఇస్త్రీ ఆవిడ కింద నుంచి అరుస్తోంది, దిగమని. దిగి, "నేనిప్పుడు ఏ పార్టీ కాదమ్మా" అన్నాను. "అయితే మాకేంటి, జరగండి, కొత్త కౌన్సిలరు సంగతి చెప్పాలి" అంది. కూర్చున్నాను. అవతలి పార్టీలోకి పోయిన పెయింటరు కూడా వచ్చి కూర్చుని విన్నాడు. మీ అధ్యక్షులవారికి ఎప్పుడైనా తీరిక దొరికితే రమ్మను. జెండా లేకుండా, ప్రసంగం లేకుండా. మాట్లాడకుండా కూర్చోగలిగితే చోటిస్తారు, వీధి మంచిదే.

నువ్వు ఆ ఉద్యోగం మానేయమని చెప్పను, ఉండమనీ చెప్పను. వస్తే మాత్రం ఉత్తరం రాసి ఆలస్యం చేయకు, వచ్చెయ్యి. మీ అమ్మ నీకోసం ముందు గది ఖాళీ చేసి పెట్టింది, నేను అడగకుండానే.

ఇప్పుడు అసలు సంతోషం చెప్తా. నీ ఉత్తర్వు అందింది. పోస్టుమాను సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు. కవరు మీద నీ చేతిరాత చూసి ఆత్రంగా చించాను. ఇన్నేళ్ళలో పార్టీ నుంచి ఎన్ని కాగితాలు వచ్చాయో, అన్నీ "వార్డు శాఖకి" అనే వచ్చేవి. పోస్టర్లు, గోడరాతలు, మైకు ఖర్చులు, అన్నీ శాఖకే. నా పేరు మీద వచ్చిన మొట్టమొదటి కాగితం ఇదేనమ్మా! ముందు "శ్రీ" అని పెట్టావు. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, అన్నీ ఉన్నాయి. తర్వాత "సభ్యత్వం నుంచి తొలగించడమైనది" అని ఉంది, సరే, ఉండనీ.

మీ అమ్మ రెండుసార్లు చదివింది. "పేరు ఒక్క తప్పు లేకుండా రాశారే" అంది.

"రాసింది మన అమ్మాయి కదా" అన్నాను.

మీ నాన్న.